టేబుల్ కాళ్ళ దగ్గర ఏమీ లేదన్నాను

ఆ పరికరం క్యారెట్ అంత ఉంటుంది. జేబులో పెట్టుకుంటే ఉన్నట్టే తెలియదు. దాన్ని చేతిలో పట్టుకుని నేను చెప్పిన ఒక మాటను మాత్రం ఆరేళ్ళుగా మోస్తున్నాను. ఇప్పుడు మీకు చెప్తున్నాను. మీరు క్షమించాలని కాదు. ఇంక మోయడం నా వల్ల కావడం లేదు, అంతే.

నా పేరు అడగకండి. ఇదంతా పేరు వల్లే వచ్చింది.

మా ఇంటిపేరు చెప్తే మా జిల్లాలో ఇప్పటికీ కొందరు కుర్చీలోంచి లేస్తారు. ఎందుకు లేస్తారో నాకు తెలియదు. లేవడానికి మా దగ్గర ఏమీ మిగల్లేదు. భూములన్నీ మా తాతగారి కోర్టు కేసుల్లో పోయాయి. నాకు మిగిలింది కుడిచేతి వేలికి ఆయన ఉంగరం, వెన్ను వంచకుండా కూర్చునే అలవాటు. ఆ రెండింటితో కెనడాలోని ఒషావాకి చదువుకోవడానికి వచ్చాను. స్టూడెంట్లు వరదలా వచ్చి పడుతున్న రోజులవి. ఒక బేస్‌మెంట్‌లో ఐదుగురం ఉండేవాళ్ళం.

నా పక్క పరుపు మీద పడుకునేవాణ్ణి ప్రభుదాస్ అంటాను. అసలు పేరు అది కాదు. కృష్ణా జిల్లా నుంచి వచ్చాడు. క్లాసులు లేని రోజుల్లో మిస్సిసాగాలో ఒక వేర్‌హౌస్‌లో షిఫ్టులు చేసేవాడు. నన్ను 'రాజావారూ' అనేవాడు. రాజావారూ, ఈ వారం బాత్రూమ్ కడగడం తమరి వంతు, అని గుర్తుచేసేవాడు. నాకు ఒళ్ళు మండేది. అయినా నాకు జ్వరం వస్తే షిఫ్ట్ మానుకుని గంజి కాచింది అతనే.

పై ఇంట్లో ఉండే ఓనరు మూర్తి అంకుల్ రిటైరైన ఇంజనీరు. మెటల్ డిటెక్టర్‌తో లేక్ ఒడ్డున నాణేలూ గొలుసులూ వెతకడం ఆయన సరదా. నన్ను వెంట తీసుకెళ్ళేవారు. పెద్ద డిటెక్టర్ ఆయన చేతిలో, క్యారెట్ అంత పిన్‌పాయింటర్ నా చేతిలో. పెద్దది ఇక్కడెక్కడో ఉందని మోగుతుంది. చిన్నది సరిగ్గా ఎక్కడుందో వేలు పెట్టి చూపిస్తుంది. దాని మొన లోహానికి దగ్గరయ్యేకొద్దీ చేతిలో వణుకుతుంది. దాన్నెలా చూసుకోవాలో ఆయన ఓపిగ్గా నేర్పారు. ఇంటికి రాగానే మొనకి అంటిన ఇసుక మెత్తటి గుడ్డతో తుడవాలి. బ్యాటరీ మూత దగ్గరుండే రబ్బరు చుట్టులో ఒక్క రేణువు ఉండకూడదు. చలికాలమంతా వాడనప్పుడు బ్యాటరీ తీసి దాచాలి. అన్నిటికంటే ముఖ్యంగా, స్విచ్ వేసేటప్పుడు గాల్లో పట్టుకోవాలి. లోహం పక్కన స్విచ్ వేస్తే అది ఆ లోహానికి అలవాటు పడిపోయి, ఆ తర్వాత దేనికీ సరిగ్గా పలకదు. దానికి చెవుడు వచ్చినట్టే. అందుకే వేలికున్న ఉంగరం తీసెయ్యమన్నారు.

నేను తీయలేదు. మా తాతగారి చేతి నుంచి వచ్చిందండీ అన్నాను. ఆయన మురిసిపోయి ఊరుకున్నారు. కానీ కుడిచేత్తో గడ్డి తప్పించినప్పుడల్లా పిన్‌పాయింటర్ నా ఉంగరానికే మోగేది. దానికో ఉపాయం కనిపెట్టాను. మొనను ఉంగరానికి ఆనించి స్విచ్ వేస్తే ఇక గోల చెయ్యదు. ఒకసారి అలా వేసి, ఒక నాణెం దగ్గర పెట్టి చూశాను. మొన తగిలితే తప్ప పలకలేదు. అంటే నాకు తెలుసు. తెలియక చేశానని మీకు చెప్పాలని ఎన్నిసార్లు అనిపించిందో. అది అబద్ధం. నాకు తెలుసు.

ఆ వేసవిలో తెలుగువాళ్ళందరం లేక్ పక్క పార్కులో పిక్నిక్ పెట్టుకున్నాం. సరళ ఆంటీ అని, భర్త పోయి రెండేళ్ళయిన మనిషి, చికెన్‌కి మసాలా పట్టించబోతూ పెళ్ళి ఉంగరం తీసి పక్కనున్న ప్రభుదాస్‌కి ఇచ్చింది. అతను దాన్ని టిష్యూలో పెట్టి ఆమె హ్యాండ్‌బ్యాగ్ పక్కన ఉంచానన్నాడు. ఆమె చేతులు కడుక్కుని వచ్చేసరికి టిష్యూ గాలికి ఎగిరి గడ్డిలో ఉంది. ఉంగరం లేదు.

మూర్తి అంకుల్ కారులోంచి డిటెక్టర్ తెచ్చారు. పార్కు టేబుల్ కాళ్ళు ఇనుపవి. వాటి దగ్గరికి పోతే పెద్దది ఒకటే మోత, అక్కడ పనికిరాదు. అక్కడ నా చేతిలోదే దిక్కు. ఇరవైమంది చుట్టూ నిలబడి చూస్తున్నారు. అలవాటు ప్రకారం ఉంగరానికి ఆనించి స్విచ్ వేశాను. అంతమంది ముందు మోకాళ్ళ మీద కూర్చోవడం నామోషీ అనిపించి, నడుం కాస్త వంచి, గడ్డి పైపైన తిప్పాను. పలకలేదు. ఇక్కడ ఏమీ లేదన్నాను.

మూర్తి అంకుల్ అందరికీ వినిపించేలా అన్నారు, అతను లేదన్నాడంటే లేనట్టే, వాళ్ళ వంశం సంగతి నాకు తెలుసు, అని.

అప్పుడు అందరూ ప్రభుదాస్ వైపు తిరిగారు. ఎవరో నవ్వుతూనే, వేర్‌హౌస్‌లో చేతివాటం గానీ నేర్చుకున్నావా బాబూ, అన్నారు. అతను కూడా నవ్వాడు. నవ్వుతూ రెండు జేబులూ బయటికి లాగి చూపించాడు. అతనితో కలిసి ఎవరూ నవ్వలేదు.

ఏం న్యాయం ఇది? మా వంశం సంగతి ఆయనకి తెలుసట. మావాళ్ళు ఎన్ని దొంగ కాగితాలు పుట్టించారో, కోర్టులో ఎందుకు ఓడిపోయారో నాకు తెలుసు. ప్రభుదాస్ గురించి వాళ్ళకేం తెలుసు? పేరు విన్నారు, పని విన్నారు, అది చాలనుకున్నారు. ఒక్కరైనా నన్ను ఇంకోసారి చూడమనలేదు. నా జేబులు చూపించమనలేదు. ఆ ఇరవైమంది మీద నాకు ఇప్పటికీ కోపమే. ఈ ఆరేళ్ళూ ఆ కోపాన్ని ఆరిపోకుండా జాగ్రత్తగా చూసుకున్నాను. ఎందుకంటే వాళ్ళ మీద మండిపడుతున్నంతసేపూ నా వైపు చూసుకోవాల్సిన పని ఉండదు.

పిక్నిక్ అయిన ఆ సాయంత్రం ప్రభుదాస్ పరుపు మీద కూర్చుని, షూ లేసులు విప్పుకుంటూ అడిగాడు.

"రాజావారూ, మీ ఉంగరం తీసి చూశారా?"

"అంటే? నన్ను అనుమానిస్తున్నావా?"

"లేదు. అడిగానంతే."

"నీలాంటివాడికి నేను జవాబు చెప్పాలా?"

లేసులు విప్పుతున్న అతని చేతులు ఆగాయి. నీలాంటివాడు. ఆ మాట నా నోట్లో అంత సిద్ధంగా ఎలా ఉంది?

వారం తర్వాత, తుడిచి ఇస్తానని మూర్తి అంకుల్‌కి చెప్పి పిన్‌పాయింటర్ తీసుకుని, ఒక్కణ్ణే బస్సులో పార్కుకి వెళ్ళాను. నా ఉంగరం గదిలో వదిలి వెళ్ళాను. గాల్లో పట్టుకుని స్విచ్ వేశాను. ఈసారి మోకాళ్ళ మీద కూర్చున్నాను, చూసేవాళ్ళు లేరు కదా. టేబుల్ రెండో కాలు పక్కన, గడ్డి వేళ్ళలో, ఐదు నిమిషాల్లో దొరికింది.

నేరుగా సరళ ఆంటీ ఇంటికి వెళ్ళి నిజం చెప్పొచ్చు. చెప్పలేదు. ఒక కవరులో పెట్టి, పేరు రాయకుండా ఆమె మెయిల్‌బాక్స్‌లో వేశాను. వస్తువు చేరింది, గొడవ తీరింది అనుకున్నాను. ఎంత పెద్ద మనిషినో.

ఆ ఆదివారం ఆమె మూర్తి అంకుల్ వాళ్ళింటికి టీకి వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను. పోనీలెండి, భయపడి తెచ్చి పడేశాడు, అంది. స్టడీ పర్మిట్‌కి దెబ్బ తగులుతుందని వణికి ఉంటాడు, అన్నారు అంకుల్. అప్పటిదాకా అది అనుమానం. నా కవరు దాన్ని రుజువు చేసింది. నేను టీ తాగాను. కప్పు కడిగి బోర్లించాను కూడా.

నెలాఖరుకి గది ఖాళీ చెయ్యమన్నారు ప్రభుదాస్‌ని. అతను మాంట్రియల్ వెళ్ళిపోయాడు. వెళ్ళే రోజు నేను లైబ్రరీలో కూర్చున్నాను. చదవడానికి కాదు. తిరిగొచ్చేసరికి అతని పరుపు మీద దుప్పటి మడత పెట్టి ఉంది. బాత్రూమ్ కడిగి ఉంది. ఆ వారం వంతు నాది.

అతని నంబరు నా ఫోన్లో ఇంకా ఉంది. ఎన్నిసార్లు తెరిచి చూశానో. ఇది చదివి మీరు నన్ను ఏమన్నా పడతాను. మూర్తి అంకుల్‌కీ, సరళ ఆంటీకీ ఇది చేరితే చేరనివ్వండి. కానీ నేను జవాబు బాకీ పడింది ఒక్కడికే. ఆరేళ్ళ కిందట షూ లేసులు విప్పుకుంటూ అడిగినవాడికి.

లేదు ప్రభూ. తీయలేదు.