యాభై ఉత్తుత్తి ఓట్లు

మదనపల్లెలో బస్సెక్కిన దగ్గర్నుంచి కృపావతి టీచరు కుదురుగా కూర్చుంటే ఒట్టు. సంచి ఒళ్లో పెట్టుకుంది, కింద పెట్టింది, మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. పుంగనూరులో బస్సు ఆగితే టీ తాగుదామని దిగి, తాగకుండానే ఎక్కింది. ముప్పై నాలుగేళ్లు బడిపిల్లల్ని "కదలకుండా కూర్చోండి" అని గదమాయించి రిటైరైన మనిషి!

వెళ్తున్నది కుప్పానికి. అక్కడ మూడు రోజుల శిక్షణ ఇవ్వాలి. నేర్చుకునేవాళ్లు మనవాళ్లు కాదు, సముద్రాల అవతలి ఒక దేశం నుంచి వచ్చిన పన్నెండు మంది. ఆ దేశంలో ఆరేళ్లు అన్నదమ్ములే కొట్టుకుని చచ్చారు. నోటుకు విలువ పోయింది, బళ్లు మూతబడ్డాయి, ఆస్పత్రుల్లో దూది కూడా లేదు. సాయం చేస్తామన్న దేశాలన్నీ ఒకే మాట మీద ఉన్నాయి: ముందు జనం ఎన్నుకున్న ప్రభుత్వం రావాలి, ఆ తర్వాతే అప్పు. ఎన్నికలకు ఇంక నాలుగు నెలలు. అవి సవ్యంగా జరిగితే మందులొస్తాయి, జరక్కపోతే మళ్లీ తుపాకులొస్తాయి. జరిపించాల్సింది ఎవరయ్యా అంటే, ఎక్కడైనా అంతే కదా, బడిపంతుళ్లే. వచ్చిన పన్నెండు మందీ వాళ్లే.

శిక్షణ ఏర్పాట్లు చూస్తున్న డిప్యూటీ తహసీల్దారు హరినాథ్ ఒకప్పుడు పుంగనూరులో ఆమె దగ్గర ఐదో తరగతి చదివాడు. ఆ చనువుతోనే ముందురోజు ఫోన్ చేసి చెప్పాడు.

"టీచర్, మిషను గురించి సెప్పండి, ఫారాల గురించి సెప్పండి. ఆ పాత కత మాత్రం ఎత్తబాకండమ్మా. వాళ్లు మనల్ని సూసి నేర్సుకునేదానికి వస్తాండారు. మన పరువు పోతాది."

"నేనెందుకు ఎత్తుతాన్లే నాయనా" అంది కృపావతి. అన్నదే గానీ, ఆ పాత కత పదకొండేళ్లుగా ఆమె కాల్లో విరిగిన ముల్లు. బయటికి రాదు, లోపల మానదు.

మొదటిరోజు పాఠం ఇంగ్లీషులో బాగానే గడిచింది. పోలింగు మొదలవకముందు పార్టీల ఏజెంట్ల ఎదుట యాభై ఓట్లు వేసి చూపించాలనీ, వాటిని మా వాళ్లు ఉత్తుత్తి ఓట్లంటారనీ చెబితే అందరూ నవ్వారు. ఆ యాభై లెక్క చూపించి, చెరిపేసి, యంత్రంలో సున్నా తెచ్చాకే అసలు ఓటు. ముందు వరసలో కూర్చున్న అమీనా అనే లెక్కల టీచరు మాత్రం నవ్వలేదు. "మా దగ్గర యంత్రాలు లేవు, డబ్బాలే. అయినా చెప్పండి" అని "సున్నా" అన్న తెలుగు మాటతో సహా ప్రతిదీ రాసుకుంది. వాళ్ల దేశంలో కిందటి ఎన్నికల ఫలితాలు చెప్పిన సాయంత్రమే ఆమె అన్నను చంపేశారని హరినాథ్ చెవిలో చెప్పాడు.

రెండోరోజు పొద్దున ఆ ఉత్తుత్తి ఓట్లు వేసి చూసే మాక్ పోలింగు ఉంది. హరినాథ్ మొహం వెలిగిపోతూ ఫారాల కట్ట పట్టుకొచ్చాడు.

"సూడండి టీచర్, ఎంత శ్రద్ధో! అన్ని ఫారాలూ నింపి తెచ్చుకున్నారు. మనోళ్లకన్నా మేలు."

కృపావతి పైకాగితం చూసింది. "ఉత్తుత్తి ఓట్లు చెరిపివేయబడినవి" అన్న ధ్రువపత్రం. కింద అమీనా సంతకం. ఇంకా ఒక్క ఓటు పడలేదు, యంత్రం పెట్టెలోంచి బయటికే రాలేదు. ఓట్లు చెరిపేసినట్టు సంతకం మాత్రం చక్కగా పడిపోయింది.

ఎవర్ని అనాలి? ముందే నింపి పెట్టుకునే అలవాటు మంచి పంతుళ్లందరికీ ఉంటుంది. తనకూ ఉండేది. కాగితం కట్టను బల్ల మీద పెట్టి, హరినాథ్ వైపు చూడకుండా మొదలుపెట్టింది.

"నేను మీకొక తప్పు చెప్పాలి. నాదే."

పదకొండేళ్ల కిందటి మాట. రామకుప్పం పక్కన అడవి అంచునున్న పల్లె. ఆమె ఆ పోలింగు కేంద్రానికి అధికారి. పొద్దున్నే పని తప్పుతుందని ముందురోజే ఫారాలన్నీ నింపేసింది. ఏజెంట్ల చేతా సంతకాలు పెట్టించేసింది. తెల్లారి యాభై ఉత్తుత్తి ఓట్లు పడ్డాయో లేదో, మామిడితోపులో ఏనుగులు దిగాయని కేక. ఏజెంట్లందరూ అటు పరుగెత్తారు. తోపు వాళ్లది కదా, ఏనుగు ఆగుతుందా? వాళ్లు తిరిగొచ్చేసరికి పోలింగు మొదలవ్వాల్సిన ఏడు దాటింది, వాకిట్లో వరస కసురుకుంటోంది. కృపావతి కాగితం చూసుకుంది. చెరిపినట్టు తన రాతే ఉంది, తన సంతకమే ఉంది. ఇక అనుమానమేముంది? పోలింగు మొదలుపెట్టేసింది.

పదకొండు గంటలకు లెక్క చూస్తే రిజిస్టరులో నూట అరవై రెండు, యంత్రంలో రెండొందల పన్నెండు. ఉత్తుత్తి యాభై లోపలే ఉండిపోయాయి. పక్కనున్న ఆఫీసరు చెవిలో అన్నాడు, "సెప్పకుంటే ఎవురికి తెలుస్తాది మేడమ్?" ఆమె లేచి వాకిట్లోకి వెళ్లి, వరసలో నిలబడ్డవాళ్లకు ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"దొంగ ఓట్లు" అన్నారు. రెండు పక్షాలూ కలబడ్డాయి. విడదీయబోయిన రెడ్డెప్ప అనే రైతుకు రాయి తగిలి ఎడమకన్ను పోయింది. రెండ్రోజులకు మళ్లీ పోలింగు పెడితే ఊళ్లో సగం మంది రాలేదు. రెడ్డెప్ప భార్య మునిరత్నమ్మ అసలే రాలేదు. కృపావతి ఉద్యోగంలోంచి కొన్నాళ్లు పక్కన కూర్చోవలసి వచ్చింది గానీ, ఆ కన్ను ముందు అదేపాటి శిక్ష?

హరినాథ్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. చెవులు ఎర్రబడి ఉన్నాయి.

అమీనా లేచింది. "మా ఊళ్లో తప్పు ఒప్పుకుంటే బడిని తగలబెడతారు. నన్ను కూడా."

"తగలబెట్టరని నేను చెప్పలేనమ్మా."

"మరి మీరెందుకు చెప్పారు?"

కృపావతి ఎన్నో రాత్రులు వెతుక్కున్న జవాబు అది. పెద్దమాటలేవీ దొరకలేదు. "సంతకం నాది" అంది.

తర్వాత మిగతాదీ చెప్పింది. ఐదేళ్లకు మళ్లీ ఎన్నికలొస్తే, దేవుడి చిత్తమో కంప్యూటరు చిత్తమో, అదే పల్లె ఆమెకు పడింది. వెళ్తే, ఏజెంట్ల బెంచీ మీద మునిరత్నమ్మ కూర్చుని ఉంది. ఉత్తుత్తి ఓట్లు అయ్యాయి. కృపావతి కాగితం చేతికివ్వబోతే ఆమె తోసేసింది.

"కాగితం యాలమ్మా? కాగితం అప్పుడూ ఉండె. నాకు సున్నా సూపించు. వాకిట్లో ఉండారే, వాళ్లకీ సూపించు."

యంత్రాన్ని వరసవైపు తిప్పి సున్నా చూపించాకే మునిరత్నమ్మ సంతకం పెట్టింది. కృపావతి మీద ప్రేమ పుట్టి కాదు. ఆ రోజు మొత్తంలో ఇంకొక్క మాట మాట్లాడలేదు.

అమీనా తన కాగితాన్ని కట్టలోంచి లాగి నాలుగు ముక్కలు చేసింది. మిగతావాళ్లూ ఒక్కొక్కరే లేచి తమవీ చింపేశారు. హరినాథ్ చరచరా బయటికెళ్లాడు. కోపమొచ్చి వెళ్లిపోయాడనుకుంది కృపావతి. పది నిమిషాలకు ఖాళీ ఫారాల కట్టతో తిరిగొచ్చి, పన్నెండు మందికీ తానే పంచాడు. ఆమెతో మాత్రం మర్నాడు సాయంత్రం బస్సెక్కించేదాకా మాట్లాడలేదు.

నాలుగు నెలల తర్వాత ఆ దేశంలో ఎన్నికల రోజు కృపావతి మదనపల్లె ఇంట్లో నిలవలేకపోయింది. వంటింట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి వంటింట్లోకి. ప్రార్థనకు కూర్చుని మధ్యలోనే లేచింది. టీవీలో ఆ దేశం ఊసే లేదు. తను చెప్పిన మాట విని ఆ పిల్లకేమైనా అయితే? రెడ్డెప్ప కన్ను చాలదా?

రెండు గంటలకు, అక్కడింకా పొద్దునే, ఫోన్ మోగింది. ఫోటో. తూటాల చారలున్న బడి గోడ ముందు అమీనా నిలబడి, ఓట్ల డబ్బాను మూత తీసి తలకిందులుగా పైకెత్తి పట్టుకుంది. లోపల ఏమీ లేదని ఎదుటివాళ్లకు చూపిస్తోంది. నోరు తెరిచి గట్టిగా ఏదో అంటోంది. కింద ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు ముక్క ఒక్కటే రాసింది: "సున్నా".

కృపావతి కళ్లద్దాలు తుడుచుకుని ఫోటోను పెద్దది చేసింది. అమీనా మొహం కాదు, ఆమె ఎదుట నిలబడ్డ వరసను వెతికింది. ముసలివాళ్లు, చంకన పిల్లలున్న తల్లులు, ఒక కాలులేని మనిషి. వేలు పెట్టి జరుపుతూ ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఫోటో అయిపోయింది గానీ వరస అయిపోలేదు.