సుందరమ్మగారు లాయర్ని కుదుర్చుకున్న విధం

1986 మార్చిలో నన్ను ఆసుపత్రి మెడికల్ ఫ్లోర్ నుంచి ఎముకల విభాగానికి మార్చారు. న్యూజెర్సీ మధ్య ప్రాంతంలో నాలుగు వందల పడకల ఆసుపత్రి అది. నా హోదా మెడికల్ సోషల్ వర్కర్. పేరు గొప్పగా ఉన్నా పనిలో ముప్పాతిక భాగం ఒక్కటే: రోగి ఇక్కణ్ణుంచి ఎక్కడికి వెళ్ళాలో తేల్చి, సకాలంలో పంపించడం. దాన్నే డిశ్చార్జ్ ప్లానింగ్ అంటారు. ఫలానా జబ్బుకి ఇంత అని ముందే కట్టేసి ఇచ్చే పద్ధతి అప్పటికే అమల్లోకి వచ్చింది. రోగి నాలుగు రోజులు ఎక్కువ ఉంటే నష్టం ఆసుపత్రిదే. అందుకని పైవాళ్ళు మమ్మల్ని తరుముతూ ఉండేవారు, మేము రోగుల్ని తరుముతూ ఉండేవాళ్ళం.

ఆ సెప్టెంబరులో సుందరమ్మగారు తుంటి విరిగి మా ఫ్లోర్‌కి వచ్చారు. వయసు డెబ్బై రెండు. ఐసెలిన్‌లో గ్రౌండ్ ఫ్లోర్ అపార్ట్‌మెంట్‌లో ఒంటరిగా ఉండేవారు. చుట్టుపక్కల తెలుగువాళ్ళ ఇళ్ళలో సీమంతమైనా, సత్యనారాయణ వ్రతమైనా వంట ఆవిడదే. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళని పనికి కుదుర్చుకుని, తను కుర్చీలో కూర్చుని, గరిటె ముట్టుకోకుండా రెండొందల మందికి వండించగల మనిషి. అందరూ పిన్నిగారు అనేవారు, నేనూ అంతే. ఒక్కడే కొడుకు ప్రభాకర్. రెండేళ్ళ కిందట ఆర్కన్సాలోని బెంటన్‌విల్‌లో కంప్యూటర్ ఉద్యోగం వచ్చి అక్కడికి మారాడు. రమ్మంటే ఆవిడ వెళ్ళలేదు. అక్కడ నాకు పనేముందిరా అన్నారట.

ఆపరేషన్ చక్కగా జరిగింది. మూడో రోజున ఆవిడ నర్సుతో ఏదో పొంతనలేని మాట అన్నారని మానసిక వైద్య విభాగంలో ఒక డాక్టరు వచ్చి జ్ఞాపకశక్తి పరీక్ష చేశాడు. రిపోర్టులో మూడు విషయాలు రాశాడు. ఈరోజు తేదీ అడిగితే ఏదో అర్థంకాని మాట చెప్పింది. పుట్టిన తేదీలు రెండు చెప్పింది. భర్త పేరు మూడుసార్లు అడిగినా చెప్పలేకపోయింది. కాబట్టి మతి స్థిమితం లేదు, ఒంటరిగా ఉండనివ్వరాదు. రెండో డాక్టరు మొదటి రిపోర్టు చదివి, పది నిమిషాలు చూసి, దానికే తల ఊపాడు. ఇద్దరు డాక్టర్ల అఫిడవిట్లు ఉంటే కోర్టులో గార్డియన్‌షిప్ పిటిషన్ వేయవచ్చు. కోర్టు ఒప్పుకుంటే ఆ మనిషి ఎక్కడ ఉండాలో, ఏ మందు వేసుకోవాలో, తన చెక్కు తను రాసుకోవచ్చో లేదో, అన్నీ గార్డియన్ చేతిలోకి పోతాయి. పసిపిల్లకీ ఆవిడకీ చట్టం దృష్టిలో తేడా ఉండదు.

ఆసుపత్రి పంపిన ఆ కాగితాలు బెంటన్‌విల్‌లో ప్రభాకర్‌కి పోస్టులో అందాయి. చదివి హడలిపోయాడు. తల్లి మీద ప్రేమ లేనివాడు కాదు. ఉన్నవాడు కాబట్టే వెంటనే ఒక లాయర్ని పెట్టుకుని పిటిషన్ వేశాడు. బెంటన్‌విల్ దగ్గర ఒక నర్సింగ్ హోమ్‌లో గది కూడా చూసిపెట్టాడు. నోటీసు ఆసుపత్రి మంచం మీదికే వచ్చింది. పిన్నిగారికి నేనే చదివి చెప్పాను.

“అంటే అమ్మాయ్, ఇంక నేను ఉప్పు ఎంత వెయ్యాలో కూడా వాణ్ణడగాలా?” అన్నారు.

“కోర్టు ఒప్పుకుంటే అంతేనండీ పిన్నిగారూ.”

“ఒప్పుకోకుండా ఏం చెయ్యాలో చెప్పు.”

లాయరు కావాలి. కోర్టు ఆవిడ తరఫున ఒకరిని నియమిస్తుంది, కానీ తనకు నచ్చినవారిని పెట్టుకునే హక్కు ఆవిడకి ఉంది. ఇక్కడ నేనొక తెలివితక్కువ పని చేశాను. మనవాళ్ళకి ఏ అవసరమొచ్చినా ముందు మనవాడెవడున్నాడా అని చూస్తాం. పన్ను నొప్పికైనా సరే తెలిసిన డాక్టరుంటే చాలు, ఆయన కళ్ళ డాక్టరైనా పరవాలేదు. మా అందరి గ్రీన్ కార్డులు చేసిపెట్టిన లాయరుగారికి ఫోన్ చేశాను. పెద్దమనిషి, ఆ సాయంత్రమే వచ్చారు. నోటీసు చూసి, “కొడుకే కదమ్మా, పరాయివాడా? సైన్ చేసేయండి, గొడవుండదు” అన్నారు.

పిన్నిగారు ఆయనకి నమస్కారం పెట్టి పంపించేశారు. తర్వాత నాతో, “ఆయనకి వీసాలు వచ్చు. మిఠాయి చేసేవాణ్ణి తీసుకొచ్చి ఆవకాయ పెట్టమంటే ఏం పెడతాడు పాపం” అన్నారు.

మర్నాడు మా డైరెక్టర్ దగ్గర చీవాట్లు తిన్నాను, న్యాయంగానే తిన్నాను. ఆసుపత్రి ఉద్యోగి రోగికి ఫలానా లాయర్ని పెట్టుకోమని చెప్పకూడదు. కనీసం మూడు పేర్లు, అక్షర క్రమంలో, కాగితం మీద రాసి ఇవ్వాలి. ఎంపిక రోగిదే.

మూడు పేర్లు ఎక్కడినుంచి తేవాలి? ఎల్డర్ లా, అంటే వృద్ధుల వ్యవహారాలు చూసే న్యాయవాద వృత్తి, అనే మాట అప్పటికి ఇంకా బోర్డుల మీదికి ఎక్కలేదు. వీలునామాలు రాసేవాళ్ళున్నారు, ఇళ్ళ రిజిస్ట్రేషన్లు చూసేవాళ్ళున్నారు. ముసలివాళ్ళ తరఫున నిలబడి, కోర్టులో గార్డియన్‌షిప్‌ని ఎదిరించినవాళ్ళు ఎవరో ఏ డైరెక్టరీలోనూ లేదు. కౌంటీ లాయర్ల సంఘం వాళ్ళు రెండు పేర్లు ఇచ్చారు. మూడోదానికి నేను వేరే దారి పట్టాను. తెలిసిన మూడు నర్సింగ్ హోమ్‌లకి ఫోన్ చేసి, అక్కడి సోషల్ వర్కర్లని ఒకే ప్రశ్న అడిగాను: ఏ లాయరు పేరు వింటే మీ అడ్మినిస్ట్రేటర్ మొహం మాడుతుంది? ఇద్దరు ఒకే పేరు చెప్పారు. మార్గరెట్ డాయిల్.

ముగ్గురినీ గదికే రప్పించమన్నారు పిన్నిగారు. తను అడుగుతారట, నేను ఇంగ్లీషు చెయ్యాలట. వంటవాళ్ళని కుదుర్చుకునేటప్పుడు ఎన్ని పెళ్ళిళ్ళకి వండావని ఆవిడ ఎప్పుడూ అడగరు. ఎక్కడ మాడ్చావు, మాడ్చాక ఏం చేశావు అని అడుగుతారు. లాయర్లకీ అదే పరీక్ష.

మొదటాయన మంచి సూటులో వచ్చాడు. మంచం పక్కన నిలబడి, పిన్నిగారిని వదిలేసి నన్ను చూస్తూ, ఈవిడకి మనం చెప్పేది అర్థమవుతుందా అని అడిగాడు. ఆవిడకి ఇంగ్లీషు బాగానే అర్థమవుతుంది, మాట్లాడటమే తక్కువ. మీరు ఎప్పుడు ఓడిపోయారు అని అడిగించారు. నేను ఓడిపోనని నవ్వాడు. ఆయన వెళ్ళాక, “ఎప్పుడూ మాడ్చలేదంటే పొయ్యి వెలిగించనే లేదన్నమాట” అన్నారు.

రెండో ఆయన కుర్రవాడు, మర్యాదస్తుడు. ఇలాంటి కేసు ఇంతవరకూ చెయ్యలేదు, కష్టపడి నేర్చుకుంటానని నిజం చెప్పాడు. పిన్నిగారికి ముచ్చటేసింది. “బుద్ధిమంతుడు. కానీ నా తుంటి మీద నేర్చుకుంటానంటాడేమిటే?” అన్నారు.

మూడో రోజు మిసెస్ డాయిల్ వచ్చేసరికి ప్రభాకర్ గదిలోనే ఉన్నాడు. ఆ ఉదయమే విమానం దిగాడు. ఆవిడకి యాభై దాటి ఉంటాయి, నెరిసిన జుట్టు, చేతిలో చిరిగిన తోలు సంచి. అతను పిటిషన్ వేసిన కొడుకని తెలియగానే, మీరు దయచేసి బయట ఉండండి, మీతో మాట్లాడవలసింది మీ లాయరు ద్వారానే అంది.

ప్రభాకర్ మొహం ఎర్రబడింది. “ఏంటండీ ఇది? లీవ్ పెట్టి, ఫ్లైట్ బుక్ చేసుకుని వస్తే మా అమ్మ రూమ్‌లోంచి నన్నే వెళ్ళమంటుందా? అమ్మ తరఫున నేను మాట్లాడకపోతే ఎవరు మాట్లాడతారు?” అన్నాడు నాతో.

నాకూ కష్టంగానే తోచింది. మనలో పెద్దవాళ్ళ తరఫున కొడుకు మాట్లాడటమే మర్యాద. కానీ పిన్నిగారు, “వెళ్ళు నాన్నా, కాంటీన్లో కాఫీ తాగు” అన్నారు. అతను వెళ్ళాడు.

మిసెస్ డాయిల్ నర్సులు వాడే పొట్టి స్టూలు లాక్కుని, కళ్ళు పిన్నిగారి కళ్ళకి సమానంగా వచ్చేలా కూర్చుంది. ఓడిపోయిన కేసు అడిగితే ఆలోచించకుండా చెప్పింది. ఒక ముసలి దర్జీ. విచారణ రోజున ఆయన వినికిడి యంత్రంలో బాటరీ అయిపోయింది. మిసెస్ డాయిల్ గమనించలేదు. జడ్జి అడిగిన ప్రతిదానికీ ఆయన ఊరికే చూస్తూ కూర్చున్నాడు. చివరి రెండేళ్ళూ తను కోరని చోట గడిపి పోయాడు. అప్పటినుంచి ఏ క్లయింటునైనా ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి స్వయంగా చూడకుండా ఏ రిపోర్టూ నమ్మనని చెప్పింది.

“ఈవిడ చాలమ్మాయ్” అన్నారు పిన్నిగారు. ఫీజు కూడా ఆవిడే మాట్లాడుకుని, ఒప్పందం మీద తెలుగులో గుండ్రంగా సంతకం పెట్టారు.

అన్నట్టుగానే మూడుసార్లు వచ్చింది మిసెస్ డాయిల్. మందులిచ్చిన చార్టు తెప్పించి, పరీక్షకి గంట ముందే నొప్పికి బలమైన ఇంజెక్షన్ పడిందని పట్టుకుంది. ఆ తర్వాత మూడు విషయాలూ వరసగా అడిగింది. తేదీ అడిగితే పిన్నిగారు ఏకాదశి అని చెప్పారట, ఉపవాసం కాబట్టి అదే జ్ఞాపకం. పుట్టిన తేదీల్లో ఒకటి నిజమైనది, ఒకటి బళ్ళో మేష్టారు వేసి పాస్‌పోర్టు దాకా వచ్చినది. భర్త పేరు అడిగేసరికి పిన్నిగారు నవ్వి, నా వంక చూసి, “మా అబ్బాయి చెబుతాడు” అన్నారు.

మిసెస్ డాయిల్ కలం కింద పెట్టి నావైపు తిరిగింది. ఆవిడకి తెలియకనా, చెప్పకూడదనా అని అడిగింది.

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ రిపోర్టు మొదటి రోజే చదివినదాన్ని. ఇంట్లో మా ఆయన్ని ఏవండీ అని తప్ప పిలిచి ఎరగను. అయినా తట్టలేదు. ఇంగ్లీషులో టైపు చేసి, కింద డాక్టరు సంతకం ఉంటే, మన ఇంటి మాట కూడా మనకి రోగలక్షణంలా కనిపిస్తుంది. ఇంజెక్షన్ సంగతీ, ఈ మూడింటి సంగతీ కలిపి మిసెస్ డాయిల్ అవతలి లాయరుకి ఉత్తరం రాసింది. ఆయన దాన్ని ఫైల్లో పెట్టుకున్నాడు కానీ ప్రభాకర్‌కి చూపించలేదు. నేను చెబుదామంటే, కేసు నడుస్తుండగా ఆసుపత్రి ఉద్యోగి అతనితో ఆ ఊసెత్తకూడదని డైరెక్టర్ గట్టిగా చెప్పారు.

నవంబరు చివర్లో కౌంటీ కోర్టులో విచారణ. అది తేలేదాకా పిన్నిగారిని ఎక్కడికీ పంపలేక, ఆసుపత్రి నష్టం భరించి ఉంచుకుంది. నేను ఆసుపత్రి మనిషిని కాబట్టి దుబాసీగా పనికిరానని ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే తెలుగాయన్ని పెట్టారు. నేను వెనక వరసలో కూర్చున్నాను. డాక్టరుని మిసెస్ డాయిల్ రెండే అడిగింది. ఇంజెక్షన్ ఎన్ని గంటలకి? మత్తు దిగాక మళ్ళీ పరీక్షించారా? లేదన్నాడు. ఆవిడ కూర్చుంది.

తర్వాత జడ్జిగారే పిన్నిగారిని ప్రశ్నలు అడిగారు. మీరేం పని చేస్తారు? వంట. రెండు వందల మందికి భోజనమంటే ఎలా మొదలుపెడతారు? “వచ్చేది తెలుగువాళ్ళా, అమెరికన్లా?” అని పిన్నిగారు ఎదురు ప్రశ్న వేశారు. కోర్టంతా నవ్వింది. జడ్జిగారు తెలుగువాళ్ళే అన్నారు. అయితే పులిహోరకి నలభై పౌండ్ల బియ్యం, పులుపును బట్టి నాలుగో అయిదో పౌండ్ల చింతపండు, పోపు వేసేది ఎవరు, కలిపేది ఎవరు, ముందురోజు ఏది, ఆనాటి ఉదయం ఏది అని గడగడా చెప్పుకుపోయారు. కెమిస్ట్రీ మేష్టారు అందుకోలేక రెండుసార్లు ఆగమన్నారు.

జడ్జిగారు అఫిడవిట్ తిరగేశారు. ఇక్కడ మీ భర్త పేరు చెప్పలేకపోయారని ఉంది, ఆయన పేరేమిటని అడిగారు.

పిన్నిగారు రెండో వరసలో ఉన్న కొడుకు వైపు తిరిగారు. “నాన్నా, జడ్జిగారికి నాన్నగారి పేరు చెప్పు.”

ప్రభాకర్ లేచి నిలబడ్డాడు. “కామేశ్వరరావు” అన్నాడు. అంటూనే అతని మొహం పాలిపోయింది. అలాగే నిలబడి, అమ్మ ఆ పేరు పలకడం తను పుట్టినప్పటినుంచి ఒక్కసారి కూడా వినలేదని, తమలో భార్యలు పలకరని, ఆ కాగితం చదివినప్పుడు ఆ సంగతే తనకి తోచలేదని ఇంగ్లీషులో చెప్పాడు. తన లాయరు వారిస్తున్నా పిటిషన్ వెనక్కి తీసుకుంటానన్నాడు. జడ్జిగారు, తీసుకున్నా తీసుకోకపోయినా నేను కొట్టేస్తున్నాను అని కొట్టేశారు. కోర్టులో చప్పట్లు కొట్టకూడదు. ఇద్దరం కొట్టాం. రెండో ఆయన కెమిస్ట్రీ మేష్టారు. నా ముప్ఫయ్యేళ్ళ ఉద్యోగంలో అంత సంతోషం మరెప్పుడూ ఎరగను.

డిసెంబరు మొదటి వారంలో పిన్నిగారు వాకర్ పట్టుకుని తన ఇంటికే డిశ్చార్జ్ అయ్యారు. స్నానాలగదిలో పట్టుకోవడానికి కమ్మీలు ప్రభాకరే దగ్గరుండి బిగించి వెళ్ళాడు. మా ఆసుపత్రి పరీక్ష ఫారంలో మూడు కొత్త గళ్ళు వచ్చాయి: పరీక్ష చేసిన సమయం, ఆఖరి నొప్పి మందు ఇచ్చిన సమయం, రోగి ఇంట్లో మాట్లాడే భాష.

ఆ తర్వాత ఎన్నో కుటుంబాలకి లాయర్ల పేర్లు రాసిచ్చాను. అనుభవం ఉన్నవారే కావాలని అందరూ అడిగేవారు, వాళ్ళ లెక్కలో అనుభవమంటే ఏళ్ళు. నేను వాళ్ళకి చెప్పింది ఒకటే. తీర్పు ఎవరి బతుకు మీద పడుతుందో లాయర్ని ఎంచుకోవలసింది ఆ మనిషే. మిగిలినవాళ్ళు చెయ్యవలసింది కుర్చీ వెయ్యడం, భాష అందించడం, పొమ్మన్నప్పుడు గది బయటికి పోవడం.