పసుపు పూసిన కార్డులు

నాందేడ్‌లో మా కంప్యూటర్ కాలేజీ పాతవాళ్ళు కలిసినప్పుడల్లా ఒక మాట అంటారు: చనిపోయిన గురువు పద్ధతి తప్పని రాసి ఆ అమ్మాయి డాక్టరేట్ తెచ్చుకుందని. అది సగం మాట. మిగతా సగం తెలిసినవాళ్ళం ఇప్పుడు ఆమె, నేను. ఆమె చెప్పదు. అందుకే రాస్తున్నాను.

నేను అక్కడి లైబ్రరీలో అటెండరును. మెట్రిక్ దాటలేదు. కానీ బీరువాల్లోని పుస్తకాలు నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. ప్రోగ్రాం అంటే ఏమిటో నాకు పుస్తకాలే చెప్పాయి. ఆ మాట ఇప్పటికీ గర్వంగానే చెబుతాను.

ఎనభైల మొదట్లో మా కాలేజీకి సొంత కంప్యూటర్ లేదు. ప్రోగ్రాంను అట్టకార్డుల మీద రంధ్రాలుగా కొట్టించి, ఆ కట్టను రైల్లో హైదరాబాద్ తీసుకుపోయి అక్కడి మెషీన్‌లో నడిపించాలి. మన వంతు ఎప్పుడో గాని రాదు. తెలుగు సరిహద్దున ఉన్న బిలోలి వైపు నుంచి వచ్చిన ఆ అమ్మాయి పరిశోధనంతా ఒకటే: పెద్ద పట్టికలను వరసలో పెట్టడానికి తన గైడ్ కనిపెట్టిన పద్ధతి పాతదానికన్నా వేగమా, కాదా. గైడ్‌కు కాన్సర్. డాక్టర్లు ఆశ వదిలేశారు. ఆ ఫలితం చూసి పోవాలని ఆయన కోరిక.

దసరాకు పనిముట్లను పూజించడం మా కాలేజీలో అలవాటు. టైపు మిషన్లకు కూడా బొట్లు పెట్టేవాళ్ళం. ఆ ఏడు హైదరాబాద్ వంతు పండుగ మరునాడే పడింది. గైడ్ రిక్షాలో వచ్చి, కార్డుల అంచులకు తడి పసుపు పూసి, కుంకుమ పెట్టి, పువ్వుతో నీళ్ళు చల్లారు. కార్డుకు తడి తగలకూడదని మాకు నేర్పింది ఆయనే. అయినా ఆ చెయ్యి ఎవరం పట్టుకోగలం? ఆ అమ్మాయి కొంగుతో తుడిచి, కట్టను ప్లాస్టిక్ సంచిలో చుట్టుకుంది.

ఒంటరిగా పంపలేక వాళ్ళ నాన్న అడిగితే నేను తోడు వెళ్ళాను. సంచిలో కార్డులు ఉబ్బి ఒకదానికొకటి అంటుకున్నాయి. మెషీన్‌లో ఇరుక్కుపోయాయి.

"ఏందమ్మా, కార్డులు తెచ్చినవా, ప్రసాదం తెచ్చినవా?" అన్నాడు ఆపరేటర్.

వంతు పోయింది. నాందేడ్‌లో దిగి, ఆమె స్టేషన్ నుంచి నేరుగా గైడ్ ఇంటికి నడిచింది. నేను వెనకే ఉన్నాను.

"నా పద్ధతి నిలబడ్డదా బిడ్డా?" అని మంచం మీద నుంచే అడిగారాయన.

"నిలబడ్డది సర్. పాతదానికన్న జల్ది అయింది."

ఆయన కళ్ళు మూసుకుని నవ్వారు. దీపావళి రాకముందే పోయారు.

కార్డులన్నీ మళ్ళీ కొట్టించి, చలికాలంలో మళ్ళీ వెళ్ళాం. ఆయన పద్ధతి చిన్న పట్టికలకు వేగంగానే ఉంది, పెద్దవాటికి పాతదానికన్నా వెనకబడింది. తిరుగు రైల్లో ఆమె అడిగింది.

"సర్‌కు ఒకటి చెప్పి, థీసిస్‌ల ఒకటి రాస్తనా కాకా?"

అది నేను చదివిన పుస్తకాలు చెప్పేది కాదన్నాను.

ఆమె గైడ్ భార్య దగ్గరికి పోయి అంతా చెప్పి ఏడ్చింది.

"ఆయనుంటే నిన్ను తిడుతుండె," అన్నారావిడ. "తిట్టి, ఉన్నదే రాయమంటుండె. రాయి."

రాసింది. డాక్టరేట్ వచ్చిన రోజు మేం తెప్పించిన పేడాలు ముట్టకుండానే ఇంటికి వెళ్ళిపోయింది.

పేర్లు వద్దని ఆమే కోరింది. ఇప్పుడు లేని ఆ గైడ్ గారి భార్యకు, కార్డులన్నీ విసుక్కోకుండా మళ్ళీ కొట్టిన మా పంచింగ్ అక్కకు, రెండోసారి మా గడువు దాటినా మెషీన్ ఆపని ఆ ఆపరేటర్‌కు దండాలు. ఇన్నేళ్ళకు ఇది రాసుకోనిచ్చిన ఆమెకు కూడా.