ప్రాంప్టరక్క పలకలేని మాట

నాటక సమాజంలో అందరూ ఆమెను ప్రాంప్టరక్క అనేవారు. వారమంతా దర్జీ దుకాణంలో చొక్కాలకు కాజాలు కుట్టేది. ఆదివారాలు తెర పక్కన స్టూలు మీద కూర్చుని, మరిచిపోయినవాళ్లకు మాట అందించేది. ఇరవై ఏళ్లలో ఒక్కసారీ వేదిక ఎక్కలేదు గానీ అందరి వేషాలూ ఆమెకు నోటికొచ్చు. "అక్క తుమ్మినా డైలాగే అనుకుని అనేస్తున్నాం" అని ఏడిపించేవారు.

ఆ ఏడు ఎత్తుకున్న నాటకం ఒక తల్లిది, ప్రాణం తీసుకోవాలనుకునే ఎదిగిన కొడుకుది. మొదటి రిహార్సల్ నుంచే ఆమెకు కుదురు లేదు. లేచేది, కూర్చునేది, మళ్లీ మంచినీళ్లకు లేచేది. ఎందుకో తనకే తెలియదు.

మూడో ఆదివారం మధ్యాహ్నం కొడుకు వేషగాడు మాట మరిచి ఆమె వైపు చూశాడు. కాగితంలో ఉన్నది ఒక్క ముక్క: "నేను లేకపోయినా నీకు జరిగిపోతుందిలే అమ్మా." ఆమె నోరు తెరిచింది. ఆ మాట పలకలేకపోయింది. ఆ పొద్దున తన కొడుకు చెప్పులు తొడుక్కుంటూ అన్న మాట అచ్చం అదే. నిన్న సైకిలు పక్కింటివాళ్లకు ఊరికే ఇచ్చేశాడు. నెల రోజులుగా కంచం ముందు కూర్చుని కెలికి లేచిపోతున్నాడు. పనెక్కువై అలిసిపోయాడులే అని తాను సరిపెట్టుకుంది.

"అక్కా, లైను!" అని దర్శకుడు కేకేశాడు.

"నీ లైను తగలెయ్య! నా పిల్లాడు..." అంటూ కాగితాలు పడేసి వీధిలోకి పరుగెత్తింది.

కొడుకు బైండింగు చేసే అచ్చాఫీసు నాలుగు స్టాపుల దూరం. ఆదివారమైనా పనుందని వెళ్లాడు. నిజంగా పనికే వెళ్లాడా? బస్సులో సీటున్నా కూర్చోలేక కమ్మీ పట్టుకుని నిలబడింది. డ్రైవరు బ్రేకు వేసినప్పుడల్లా లోలోపల తిట్టిపోసింది.

అతను అక్కడే ఉన్నాడు. జిగురు చేతులతో పుస్తకాల వీపులకు గుడ్డ అంటిస్తున్నాడు.

"ఏమైందమ్మా? ఇలా వచ్చావేంటి?"

దారంతా కూర్చుకున్న మాటలు ఒక్కటీ గుర్తురాలేదు. ఉన్నదున్నట్టు అడిగేసింది.

"చచ్చిపోదామనుకుంటున్నావా నాన్నా?"

అతను జిగురు డబ్బాకు మూత పెట్టాడు. "నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. నువ్వు చెప్పు."

"రోజూ అనిపిస్తోందమ్మా. చెప్తే నువ్వు తట్టుకోలేవని..."

"తట్టుకుంటాను. కాస్త కూర్చోనీ, అంతే."

కాగితాల కట్ట జరిపి ఆమెను కూర్చోబెట్టి, పక్కనే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ సాయంత్రమే ఇద్దరూ ఆసుపత్రికి వెళ్లారు.

దారిన పడడానికి నెలలు పట్టింది. మధ్యలో ఓసారి మందులు మానేసి, "నాకు కాపలా కాస్తున్నావా?" అని ఎగిరాడు. "కాస్తున్నాను. మీ మామయ్యనీ రమ్మన్నాను, ఆయనా కాస్తాడు" అంది. మేనమామ వచ్చి రెండు నెలలున్నాడు. నాటకం మరొకరి ప్రాంప్టింగుతో ఆడేశారు. ఆమె చూడ్డానికి వెళ్లలేదు.

ఏడాది తిరిగేసరికి అతను కూరకు వంకలు పెట్టే మనిషయ్యాడు. ఆమెకు మాత్రం కుదురు రాలేదు. చేతిలో పని ఆపి ఫోను చేస్తుంది.

"గంట కిందటేగా మాట్లాడావు! పని చేసుకోనివ్వమ్మా!"

"విసుక్కో నాన్నా," అంటుందామె, "బాగా విసుక్కో."