రంగు మారని సీసా

ఆ రోజు గంపలగూడెంలో బస్సు దిగి, పిల్లలకు టీకాలు వేయాల్సిన ఇంటిదాకా నడిచేసరికి ఆయాసం వచ్చి అరుగు మీద కూలబడ్డాను. రోజూ నడిచే దారే అది. ఆ ఇంటావిడ మజ్జిగ చేతికిచ్చి, "ఏంటి సిస్టరమ్మా, ఇలా చిక్కిపోయారు?" అంది. ఎండ అన్నాను. అప్పటికి మూడు వారాలుగా దగ్గు, సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడటం ఉన్నాయి. ఇంకెవరైనా ఆ రెండు మాటలు చెబితే అక్కడికక్కడే కళ్ళె పరీక్షకు పంపేదాన్ని. నా వరకు వచ్చేసరికి తప్పంతా ఎండ మీదకు పోయింది.

ఇది డెబ్బైల నాటి మాట. నేను తిరువూరులో పబ్లిక్ హెల్త్ నర్సుని. కళ్ళెలో నెత్తుటి జీర కనబడ్డాక గాని పరీక్షకు ఇవ్వలేదు. బెజవాడలో తీయించిన ఎక్స్‌రేని డాక్టరు గారు కిటికీ వెలుగులో పెట్టి చూశారు.

"సిస్టర్, రైట్ అప్పర్ లోబ్‌లో షాడో ఉంది. స్పూటమ్ పాజిటివ్. టీబీయే. మీకు నేను కొత్తగా చెప్పేదేముంది? ఏడాదిన్నర. ఒక్క రోజు కూడా మానకూడదు."

స్ట్రెప్టోమైసిన్ ఇంజక్షన్లు, ఐ.ఎన్.హెచ్., వాటితో పాటు రోజుకు గుప్పెళ్ళకొద్దీ పాస్ అనే టీబీ బిళ్ళలు. మూడు నెలల సెలవులో దగ్గు తగ్గింది, కళ్ళె పరీక్ష నెగటివ్ వచ్చింది, కాస్త కండ పట్టింది. ఇంజక్షన్లు ఆపి, బిళ్ళలు కొనసాగించమన్నారు. మళ్ళీ డ్యూటీలో చేరాను.

అప్పుడే రూతమ్మ వచ్చింది. ఎ.కొండూరు పిల్ల. స్టాఫ్ నర్సుగా చేసి, పై రాష్ట్రంలో ఎం.ఎస్సీ. నర్సింగ్ చదువుతోంది. థీసిస్ పుస్తకాల్లోంచి కాక, జనం మధ్య చేసిన పనిలోంచి రాయాలట. పక్కనుండి దారి చూపడానికి అనుభవమున్న నర్సు ఒకరు కావాలట.

"నాది ఉత్త డిప్లొమా. తాతకు దగ్గులు నేర్పమంటావా?" అన్నాను.

"చదువు అక్కడ చెబుతారు సిస్టర్ గారూ. పని మీరే నేర్పాలి" అంది.

జనం టీబీ మందులు మధ్యలోనే ఎందుకు మానేస్తున్నారన్నది ఆమె విషయం. "అజ్ఞానం అని రాసుకో, సగం థీసిస్ అయిపోతుంది" అన్నాను. పెన్సిలుతో రాసుకుంది. నా జబ్బు సంగతి డాక్టరు గారి తర్వాత ఆమెకొక్కదానికే చెప్పాను.

నేను నేర్పిన మొదటి పాఠం ఇది: మందు వేసుకున్నావా అని ఎవరినీ అడగకు, మూత్రం సీసా అడుగు. అందులో ఫెర్రిక్ క్లోరైడ్ చుక్కలు వేస్తే, పాస్ బిళ్ళలు మింగినవాళ్ళదైతే వంకాయ రంగుకు తిరుగుతుంది. మింగనివాళ్ళది తిరగదు.

విస్సన్నపేట దగ్గర మామిడితోటకు కాపలా ఉండే వీరయ్య సీసా రంగు మారలేదు. పదిమందిలో కేకలేశాను. "కడుపులో తిప్పుద్దమ్మా. అయి మింగితే పనిలోకి పోలేను" అన్నాడు తల దించుకుని. సాకులు చెప్పకు అన్నాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

అసలు సంగతి చెప్పాలి. అప్పటికి నేను పాస్ బిళ్ళలు మానేసి రెండు నెలలు. అవి మింగితే వికారం, విరేచనాలు. ఒకసారి బస్సు ఆపించి రోడ్డు పక్కన కక్కుకున్నాను. బరువు పెరిగాను, దగ్గు లేదు, ఐ.ఎన్.హెచ్. ఒక్కటి చాలదా, నర్సుని, నాకు తెలియదా అనుకున్నాను. నా ట్రీట్‌మెంట్ కార్డు మీద టిక్కులు మాత్రం నేనే పెట్టుకునేదాన్ని, డాక్టరు గారు అడిగితే వేసుకుంటున్నాననేదాన్ని.

ఒక ఉదయం రూతమ్మ ఖాళీ సీసా తెచ్చింది. "సరిపోల్చుకోడానికి ఒక శాంపిల్ కావాలండి. తప్పకుండా మందు వేసుకునేవాళ్ళదై ఉండాలి. మీది ఇస్తారా?"

కాదనలేకపోయాను. మొన్న మనసొప్పక నాలుగు బిళ్ళలు మింగాను, ఎంతో కొంత రంగు రాకపోతుందా అనుకున్నాను. రాలేదు. ఆమె ఇంకో నాలుగు చుక్కలు వేసి, సీసాని వెలుగులో పట్టుకుని చూసింది. మొహం పాలిపోయింది.

"మన చుక్కల మందు పాడైపోయిందండి. అయితే ఇన్ని వారాలు చేసిందంతా తప్పే. అన్నీ కొట్టేసి మళ్ళీ మొదలెట్టాలి. పాపం, ఆ వీరయ్యని ఊరికే తిట్టాం."

మాట్లాడకుండా ఉంటే నా పరువు నిలిచేది. ఆ పిల్ల ఇంటింటికీ తిరిగి చేసిన పనంతా పోయేది.

"కొట్టెయ్యకు రూతూ. చుక్కల మందు బాగానే ఉంది. బిళ్ళలు నేనే వేసుకోటం లేదు."

ఆమె నన్ను తిట్టలేదు. స్టూలు దగ్గరకు లాక్కుని కూర్చుని, "ఏం ఇబ్బందిగా ఉందండి?" అని అడిగింది. అన్నాళ్ళుగా ఎవరూ అడగని మాట అది. నేను కూడా ఎవరినీ అడగలేదు. ఏడ్చేశాను.

కళ్ళె పరీక్ష మళ్ళీ పాజిటివ్ వచ్చింది. "ఒక్క మందుతో నెట్టుకొస్తే రెసిస్టెన్స్ వస్తుందని మీకు నేను చెప్పాలా?" అని డాక్టరు గారు కోప్పడ్డారు. తర్వాత ఆయనే బిళ్ళల్ని అన్నం తిన్నాక, విడతలుగా వేసుకునేలా మార్చారు. స్ట్రెప్టోమైసిన్ మళ్ళీ మొదలైంది. ఆ ఇంజక్షన్లకు తల తిరిగేది, నడిస్తే తూలేదాన్ని. ఈసారి కార్డు మీద టిక్కులు రూతమ్మ పెట్టింది. ఆమె వెళ్ళిపోయాక డాక్టరు గారు పెట్టారు. అక్కడి నుంచి మళ్ళీ ఏడాదిన్నర పట్టింది.

విస్సన్నపేట వెళ్ళి వీరయ్యకు నా సంగతి చెప్పాను. "మీక్కూడా తిప్పిందా అమ్మా?" అన్నాడు. ఆ మాటలో ఎగతాళి లేదు. అతని బిళ్ళలు కూడా నాకు మార్చినట్టే మార్పించాం.

థీసిస్ పంపేముందు గైడుగా నేను సంతకం చేయాలి. అజ్ఞానం అన్న మాటను నా చేత్తోనే రబ్బరు పెట్టి చెరిపాను. చివరి కేసు నాది, పేరు లేకుండా. చదువు అన్నచోట రూతమ్మ 'నర్సింగ్' అని రాసి, కారణం అన్నచోట ఖాళీ వదిలింది. అక్కడ నేనే రాశాను: 'వికారం. ఎవరికీ చెప్పలేదు.'

ఇప్పుడు నా ఊపిరితిత్తుల్లో పాత మచ్చ తప్ప ఏమీ లేదు. ఆ ఇంజక్షన్ల తూలు మాత్రం పోలేదు, మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటాను. మీ ఇంట్లో ఎవరైనా ఏళ్ళ తరబడి మందు మింగాల్సి వస్తే, "వేసుకున్నావా?" అని అడక్కండి. అవునని అబద్ధం చెబుతారు. నేను చెప్పాను. పక్కన కూర్చుని, "వేసుకుంటే ఏం ఇబ్బందిగా ఉంది?" అని అడగండి.