ఇనప గుండుకి సాక్సు

వీధి వీధంతా ఆయన్ని టార్కుగారంటుంది, టార్కు, అంటే ఇంజను లాగే బలం గురించి తప్ప ఇంకో మాట ఎత్తడు గనక. ఆయనకది బిరుదులా వినిపిస్తుంది. డీజిలా పెట్రోలా, ఎన్ని సిలిండర్లు అని ఏళ్ల తరబడి అందరి బుర్రలూ తిని, చివరికి ఇల్లు పెకలించగల పికప్ ట్రక్కు కొన్నాడు. దాంతో రోజూ ఆఫీసుకి ఒక టిఫిన్ డబ్బా మోసుకెళ్తాడు. బంకులో ఎవరైనా మామూలు పెట్రోలు కొట్టిస్తే చాలు, బొజ్జ సవరించుకుంటూ దిగుతాడు. "బరువు లాగాలంటే ప్రీమియమే పడాలండీ." బండి వెనక ట్రైలర్ తగిలించే ఇనప గుండుకి మాత్రం గీత పడకుండా పాత సాక్సు తొడిగి ఉంచుతాడు.

మొన్న చెల్లెలు ఇల్లు మారింది. అద్దె ట్రైలర్లో సామానంతా ఎక్కించి, "అన్నయ్యా, కొత్తింటి దాకా లాక్కొస్తావా?" అంది. ఆయన ట్రైలర్ చుట్టూ తిరిగాడు. టైరుని కాలితో తన్ని చూశాడు.

"ట్యాంకులో ఉన్నది మామూలు పెట్రోలమ్మా."

"బంకు పక్క వీధిలోనేగా."

"దాని మీద ప్రీమియం పోయకూడదు. ఉన్నది అడుగంటాలి."

చెల్లెలి మొగుడు తన పాత వ్యానుకే ట్రైలర్ తగిలించుకున్నాడు. ఈయన ఖాళీ బండిలో వెనకే వెళ్తూ, మలుపు మలుపుకీ హారన్ కొట్టి గేరు మార్చమని చెయ్యూపాడు.

సామాను దించడం అయింది. ఖాళీ ట్రైలర్ అప్పగించి రావడానికి చెల్లెలి మొగుడు లేచేసరికి, టార్కుగారు వంగి సాక్సు ఊడదీస్తున్నాడు.

"ఇప్పుడు దీనికి తగిలించండి బావగారూ. లాగడమంటే ఏమిటో చూద్దురుగాని."