గంగమ్మకు చెప్పిన చాడీ

గోరంతను కొండంత చేయడం నా అలవాటు, ముందే ఒప్పుకుంటున్నాను. మొన్న రేపల్లె బస్టాండులో ఎండుచేపల వాసన తగలగానే బావ మీద పాత కసి లేచి కూర్చుంది.

చిన్నప్పుడు నేను చెక్కుకున్న బొమ్మపడవను, ఓడంత ఉండేది లెండి, మేనత్త కొడుకు తొక్కి విరిచాడు. "వాణ్ణి ఏడిపించు తల్లీ, కొబ్బరికాయ కొడతాను" అని గంగమ్మకు మొక్కాను. మర్నాడే వాళ్ల వల చిరిగిందని తెలిసింది. బావ ఏడుపుకి సూర్యలంక సముద్రం మూరెడు పొంగింది. అమ్మవారు ఉందని నాకు రుజువైపోయింది.

"ఆ వల మొన్ననే చిరిగింది కదరా! నువ్వు మొక్కింది నిన్న," అంది నానమ్మ.

"చూశావా నానమ్మా, అడక్కముందే చేసేసింది!" అన్నాను.

కసి ముందు నమ్మేసి, రుజువును తర్వాత వెతుక్కుందని ఇప్పుడు అర్థమవుతోంది. ఓడనీ సముద్రాన్నీ కాస్త పెంచాను. పూర్తిగా కల్పించింది మాత్రం బావ ఏడుపు. వాడసలు ఏడవలేదు. అందుకే ఆ కొబ్బరికాయ నేనింతవరకూ కొట్టలేదు.